తావు లేని గిన్నె

సోంగ్‌డోక్ రేవులో మనుషుల్ని పేర్లతో కాదు, అంకెలతో పిలుస్తారు. పుట్టిన వరసే పిలుపు. అందులోనూ లెక్క రెండుతో మొదలవుతుంది. తొలిచూలు బిడ్డ రెండోవాడు, ఆ తర్వాతది మూడోది. ఒకటో అంకె ఎవరికీ ఇవ్వరు. ఇస్తే పైవాడు మొదటి బిడ్డని గుర్తుపట్టి ఎత్తుకుపోతాడట. రెండుతో మొదలుపెట్టినా ఎత్తుకుపోదలచుకున్నవాళ్ళని ఆయన ఎత్తుకుపోతూనే ఉన్నాడు. లెక్కల్లో ఆయన్ని మోసం చెయ్యడం ఇంతవరకూ ఎవరివల్లా కాలేదు.

మొగుడి అంకే పెళ్ళానికీ వస్తుంది. లువా మొగుడు తాన్ ఆ ఇంట్లో ఏడోవాడు గనక లువా రేవంతటికీ ఏడో వదిన అయింది. పిలుపులో ఏడు ఉందన్నమాటే గాని ఏడో వదిన ఏడవదు. తాన్ ఎక్కిన పడవ తుపానులో పోయి ఏడు దాటింది. ఆ ఏడంతా ఏడు కన్నీటి బొట్లు కూడా రాల్చలేదని రేవులో ఆడవాళ్ళు లెక్కపెట్టి మరీ చెప్పుకున్నారు. ఏడిస్తే పోయాడని ఒప్పుకున్నట్టే. లువా ఒప్పుకోలేదు. రోజూ పూటపూటకీ చాప మీద మూడు గిన్నెలు పెడుతుంది: అత్తకొకటి, తనకొకటి, అంచు పెచ్చు లేచిన నీలం గిన్నె తాన్‌కి.

కొత్త ఏడాది తేత్ పండగ ముందు రోజు పొద్దున్నే ఆమె మాంసం కొట్టుకి వెళ్ళింది. కొట్టు ఆరో అక్కది. ఆరో అక్క పేరుకే ఆరో అక్క, ఆవిడ నోరు మాత్రం ఎప్పుడూ ఆరదు.

"రా వదినా రా! నీకోసమే ఈ పందిని ఏడాదిగా పెంచాను. ఎంత కొట్టమంటావ్?"

"కిలోన్నర. పొట్ట దగ్గరది. కొవ్వూ కండా పొరలు కనపడాలి."

"ఇద్దరాడాళ్ళకి కిలోన్నరా? సరే, మీ అత్త నాలుక్కి అరకిలో రాసుకో. నీకు పావుకిలో. మిగతాది పక్కింటి కుక్కకా?"

"మీ తాన్ అన్నకి."

కత్తి మొద్దు మీద ఆగిపోయింది. ఆరని నోరు కాసేపు ఆరిపోయింది. ఆరో అక్క మాంసం మీద ఈగల్ని తోలింది. లేని ఈగల్ని కూడా తోలింది.

"చూడు వదినా, ఆ పడవలో ఆరుగురు. మా తమ్ముడూ అందులోనే ఉన్నాడు. రేడియోలో వాళ్ళ ఆఖరి మాట వినపడ్డ రోజే లెక్క పెట్టుకుని మొన్న మొదటి సంవత్సరీకం కూడా పెట్టేశాం. ఐదిళ్ళలో అగరొత్తులు వెలిగాయి. మీ ఇంట్లోనే..."

"మా ఇంట్లో కరెంటుంది. అగరొత్తుల వెలుగు అక్కర్లేదు."

"నోరు చూడు! అత్త దగ్గర అప్పు తెచ్చుకున్నావా?" అని ఆరో అక్క నవ్వబోయింది. నవ్వు సగంలో దారి తప్పింది. రెండు కిలోలు కొట్టి, కిలోన్నరే అని చెప్పి ఆకులో చుట్టి ఇచ్చింది.

అప్పు మాట అబద్ధమేమీ కాదు. లువా అత్తని ఊరంతా నాలుగో అవ్వ అంటుంది. నాలుగో అవ్వ నాలుక రేవులో కత్తులకన్నా పదునైనదని, ఆవిడ తిట్టిన వలలో చేప కూడా సిగ్గుపడి పడదని ప్రతీతి. మిగతా పిల్లలు పెళ్ళిళ్ళై ఎవరి ఏరు వాళ్ళు చూసుకున్నారు. నీళ్ళ మీద గుంజలెత్తి కట్టిన ఆ రెండు గదుల ఇంట్లో అత్తా కోడలూ మిగిలారు. ఉయ్యాలమంచంలో నాలుగు, పొయ్యి దగ్గర ఏడు. కలిపితే పదకొండు. తీసేస్తే మూడు. ఎటు చూసినా మూడోమనిషి లెక్క తేలడం లేదు.

"అంత చిన్న ముక్కలా? చీమల పెళ్ళికా వంట?" ఉయ్యాల లోంచి మొదలైంది.

"అరచేతంత కోశాను అత్తమ్మా."

"ఎవరి అరచెయ్యి? నీదా, పసిబిడ్డదా? పెద్ద ముక్క కొయ్యి. సన్నసెగ మీద నాలుగ్గంటలు ఉడికేది. తగ్గిపోదూ?"

లువా ముక్కలకి వెల్లుల్లి, చిన్న ఉల్లి దంచి పట్టించింది. ఉప్పులో ఊరిన చేప ఊట పోసి కలిపి పక్కన పెట్టింది. బాతుగుడ్లు ఉడకేసి పెంకులు వలిచింది. లేత కొబ్బరికాయలు కొట్టి నీళ్ళు కుండలోకి వంపింది. మడచెట్ల బొగ్గు రాజేసి చిన్న మూకుడు పెట్టి పంచదార వేసింది.

ఈ వంటకంతటికీ ప్రాణం ఆ పాకం. పంచదార కరిగి, తేనె రంగు దాటి, ఈతపండు రంగుకి తిరిగి, మాడటానికి ఒక్క ఊపిరి ముందు కొబ్బరినీళ్ళు పోసి ఆపాలి. అప్పుడే కూరకి ఆ రంగు. ఆ ఒక్క ఊపిరి తాన్‌ది. కాపురం చేసిన పదకొండేళ్ళూ ఆమె వెనకాల నిలబడి, మూకుడులోకి తొంగి చూస్తూ, ఇంకా ఇంకా అని ఏడిపించి, చివరికి "పొయ్యి!" అని అరిచేవాడు. ఆమె పోసేది. బుస్సుమని ఆవిరి లేచి ఇద్దరి మొహాలూ తడిసేవి.

వంట పేరు ఖో తావ్. తావ్ అంటే పడవ. సముద్రానికి దూరంగా ఉండే పైదేశం నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన లువాకి ఆ ఒక్క అర్థమే తెలుసు. మొదటి పండక్కి అత్త చెప్పినట్టే వండింది. ఖో తావ్ అంటే పడవవాళ్ళకి వండేది కాబోలు అనుకుని, కుండ కుండా ఎత్తుకుని రేవుకి పోయి తాన్ పడవలో పెట్టి వచ్చింది. ఇంట్లో, పోయిన పెద్దల ఫోటోలుండే పీట ముందు నాలుగో అవ్వ అగరొత్తులు పట్టుకుని నిలబడి ఉంది. పీట మీద అన్నముంది. కూర లేదు. పీట మీది ముగ్గురు తాతలూ ఇద్దరు అవ్వలూ మావగారూ ఆ ఏడు ఉత్తన్నం తిని వెళ్ళారు.

"తావ్ అంటే పడవ కాదే పైదేశపు మొద్దూ! ఉప్పూ కాదు, చప్పనా కాదు, మధ్యరకం. ఇదిగో, మన నది సముద్రంలో కలిసేచోట నీళ్ళున్నాయే, అట్లాంటి రుచి!" అని నాలుగో అవ్వ ఆ పండగ మూడు రోజులూ తిట్టింది. రేవంతా నవ్వింది. తాన్ మాత్రం నవ్వకుండా, "ఇక మీదట ఇది పడవ కూరే. తొలి గిన్నె తావ్‌కే," అని తీర్పిచ్చాడు. అప్పట్నుంచి ప్రతి పండక్కీ కుండలోంచి తీసిన తొలి గిన్నె, నీలం గిన్నె, పడవ మూతి దగ్గర పెట్టి రావడం ఆ ఇంటి ఆనవాయితీ అయింది.

ఇప్పుడు తావ్ పోయింది. గిన్నె మిగిలింది. తావ్ లేకపోయేసరికి గిన్నెకి తావు లేకుండా పోయింది. పోయిన పండక్కి లువా దాన్ని చాప మీద తాన్ కూర్చునే చోట పెట్టింది. అత్త చూసి కూడా నోరెత్తలేదు. నాలుగో అవ్వ నోరెత్తని పండగ అదొక్కటే.

"పిల్లా, ఇటు చూడు." ఉయ్యాల చప్పుడు ఆగింది. పాతపేపరులో చుట్టిన పలకలాంటిదేదో అవ్వ ఒళ్ళోంచి పైకి తీసింది. "మొన్న బజారుకి పోయి తెచ్చాను."

పేపరు విప్పితే ఫ్రేము కట్టిన ఫోటో. అందులో తాన్ మొహం ఉంది. ఆ మొహం కింద నల్లకోటు, తెల్ల చొక్కా, ఎర్ర టై.

"ఎవరీయన?" అంది లువా.

"కళ్ళు పోయాయా? నీ మొగుడు."

"మా ఆయనకి కోటెక్కడిది? పెళ్ళికి కూడా తమ్ముడి చొక్కా వేసుకున్నాడు. ఈయన కోటు చూస్తే కోట్లున్నవాడిలా ఉన్నాడు. బ్యాంకు మేనేజరేమో."

"స్టూడియోవాడు పెద్దల పీటకెక్కే ఎవరికైనా ఆ కోటే వేస్తాడు. మీ మావయ్యకీ అదే కోటు, చూడు." నిజమే. పీట మీద పాతిక సంవత్సరాల కిందట పోయిన మావగారు కూడా అదే కోటులో, అదే టైలో, మెడ కొంచెం పక్కకి అతికినట్టుగా చూస్తున్నాడు. ఒకే కోటులో తండ్రీ కొడుకులు.

"రేపు మధ్యాన్నం పెద్దల్ని పిలుస్తాం కదా," అంది అవ్వ. ఈసారి గొంతులో పదును లేదు. "వాణ్ణి కూడా పిలువు."

లువా ఫోటోని మళ్ళీ పేపరులో చుట్టింది. ముక్కుకి వాసన తగిలి వెనక్కి తిరిగేసరికి మూకుడులో పాకం నల్లటి బొగ్గై పొగలు కక్కుతోంది.

"మాడిందే! పాకం మాడింది!" అవ్వ మాడు పగిలేలా అరిచింది.

"మాడనీండి!" లువా కూడా అరిచింది. "పిలవను. బతికున్నవాణ్ణి చచ్చినవాళ్ళ వరసలో పిలిస్తే నేనే చంపినట్టు. ఆ ఫోటో తీసుకెళ్ళి మీ బ్యాంకులో పెట్టుకోండి."

"పాకం మాడితే ఇంకో గరిటెడు పంచదార వేస్తావే. కడుపు మాడేవాడికి ఏం వేస్తావ్?"

ఆ మాట అని అవ్వ ఉయ్యాలలోకి ముడుచుకుపోయింది. లువా మూకుడు తోమి, మళ్ళీ పంచదార వేసింది. ఈసారి వెనకాల ఎవరూ పొయ్యమనలేదు. భయానికి ముందే పోసేసింది. కూర లేత రంగుకే వచ్చింది. మాంసం వేసి, కుండ కింద నిప్పు తగ్గించి, పైకి తేలే నురగని గరిటెతో తీస్తూ కూర్చుంది. మూత పెట్టలేదు. పెడితే ఊట మబ్బేస్తుంది. గుడ్లు వేసింది. మధ్యాన్నం వాలేసరికి ఇల్లంతా ఆ వాసన నిండింది. కొబ్బరి తీపి, చేప ఊట ఘాటు, కరిగే కొవ్వు. ఈ వాసన రేవు మలుపు దగ్గరికే తెలిసేదని తాన్ అనేవాడు. "మోటారు ఆపేసినా పడవ ఇంటికి వచ్చేస్తుందే," అనేవాడు.

అలవాటు కొద్దీ నీలం గిన్నెలో తొలి ముక్కలు తీసింది. రెండు ముక్కలు, ఒక గుడ్డు. చల్లారడానికి కిటికీలో పెట్టి మొలకల ఊరగాయ చూడటానికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి కిటికీలో గిన్నె లేదు. ఉయ్యాలలో అత్త లేదు.

ఇంటి వెనక మెట్లు నేరుగా నదిలోకి దిగుతాయి. అవ్వ ఆఖరి మెట్టు మీద కూర్చుంది. పాదాలు నీళ్ళలో ఉన్నాయి. ఒళ్ళో నీలం గిన్నె, పక్కన కొబ్బరి చిప్పలో గుప్పెడు బియ్యం, చిటికెడు ఉప్పు. దిక్కూ దివాణం లేని దయ్యాలకి ఆరుబయట చల్లేవి అవే. అవ్వ బియ్యం నీళ్ళలో చల్లింది. ఉప్పు చల్లింది. తర్వాత గిన్నెలోంచి ఒక ముక్క తీసి నీళ్ళ మీద వదిలింది.

"తినండి నాయనా, తినండి. పెట్టే దిక్కు లేక ఎవరెవరు తిరుగుతున్నారో అందరూ తినండి. కొట్టుకోకండి." ఇంకో ముక్క వదిలింది. "మీలో కొత్తోడు ఒకడుంటాడు. పొడుగ్గా ఉంటాడు, ఎడం చెవి కొంచెం చిరిగి ఉంటుంది. లాక్కుని తినడం వాడికి చేతకాదు. వాడికి కూడా ఒక ముక్క వదలండి నాయనా. మీకు పుణ్యం ఉంటుంది."

రేవుని గడగడలాడించిన ఆ నాలుక అంత మెత్తగా బతిమాలగలదని లువాకి తెలియదు.

మెట్టు కిర్రుమంది. అవ్వ తిరిగి చూసింది. దొంగతనం చేస్తూ పట్టుబడ్డ పిల్లలా గిన్నె చొక్కా అంచు కింద దాచుకోబోయింది.

"ఎన్నాళ్ళ నుంచి అత్తమ్మా?"

"పోయిన పండగ నుంచి."

"ఆ మూడు రోజులూ కూర సయించడం లేదన్నారు."

"నా వాటా వాడికేశాను. తర్వాత కూడా అప్పుడప్పుడూ." అవ్వ నీళ్ళకేసి చూసింది. "ఏం చెయ్యమంటావే? నేను పిలవకూడదు. తల్లి కొడుకు ముందు అగరొత్తులు పట్టి చేతులు జోడిస్తే వాడికే పాపం. పెళ్ళాం పిలవాలి, బిడ్డలుంటే బిడ్డలు పిలవాలి. బిడ్డలు లేరు. నువ్వు పిలవవు. పిలుపు లేనివాడు గడప దాటి లోపలికి రాకూడదట. అందుకని ఏడాదై నా కొడుకు దిక్కులేనివాళ్ళ బంతిలో కూర్చుని తింటున్నాడు. సొంత ఇంటి వెనకాల. సొంత పెళ్ళాం వండిన వాసన పీల్చుకుంటూ."

లువా పై మెట్టు మీద కూలబడింది.

"బతికుంటే?" అంది. "ఎక్కడో ఏ దీవిలోనో, ఏ పరాయి రేవులోనో బతికుంటే?"

"ఉంటే మంచిదే. బతికున్నవాడికి చేతులున్నాయి, ఎక్కడో తింటాడు. పోయినవాడికి మనమే పెట్టాలి." అవ్వ గుడ్డు చేతిలోకి తీసుకుంది. వదల్లేకపోయింది. "బతికుండగా పిలిచామనుకో, ఒకరోజు తలుపు తోసుకుని వచ్చి, నన్నెప్పుడు చంపారే అని ఇద్దర్నీ తిడతాడు. తిట్టనీ. వచ్చి తిట్టనీ పిల్లా. ఆ తిట్లు తినే పోతాను నేను."

ఆటుపోటు తిరిగే వేళ. నది నీళ్ళూ సముద్రం నీళ్ళూ ఒకదాన్నొకటి నెట్టుకుంటూ మెట్ల దగ్గర ఎటూ పోకుండా నిలబడ్డాయి. లువా కిందికి దిగి, అత్త చేతిలో గుడ్డు తీసి మళ్ళీ గిన్నెలో పెట్టింది.

"లేవండి. జలుబు చేస్తుంది. మీకు జలుబు చేస్తే తిట్టడానికి గొంతుండదు."

మర్నాడు మధ్యాన్నం పెద్దల పీట కడిగి తుడిచారు. పుచ్చకాయ, అరటిపళ్ళు, పెద్ద కుండీలో బంతిపూలు. లువా కూర మళ్ళీ వెచ్చచేసి గిన్నెల్లో తీసింది. తాతలకి, అవ్వలకి, మావగారికి. తర్వాత నీలం గిన్నె కడిగి, తడి తుడిచి, రెండు ముక్కలూ ఒక గుడ్డూ వేసి, చేతిలో పట్టుకుని చాపకీ పీటకీ మధ్య నిలబడింది. చాప రెండడుగుల దూరం. పీట రెండడుగుల దూరం. అవ్వ చూడనట్టు అరటిపళ్ళు సర్దుతోంది. సర్దినవే మళ్ళీ సర్దుతోంది.

లువా పీట దగ్గరికి నడిచింది. మావగారి ఫోటో పక్కన కొత్త ఫోటో పెట్టింది. కోటు, టై ఆమెకేసి చూశాయి. బంతిపూల కుండీ జరిపి ఫోటో ముందు పెట్టింది. పూలు టై దాకా వచ్చాయి. ఇంకొంచెం జరిపింది. కోటు మొత్తం పూల వెనక్కి పోయింది. మొహం ఒక్కటే మిగిలింది, చిరిగిన చెవితో సహా. ఇప్పుడు తాన్ తానుగానే ఉన్నాడు. గిన్నె ఆ పూల ముందు పెట్టింది.

అవ్వ అగరొత్తులు వెలిగించి పెద్దల్ని వరసగా పిలిచింది. తాతగారూ రండి, అవ్వగారూ రండి, ఏమయ్యా నువ్వూ రా. ఇక ఆపి పక్కకి జరిగింది. చేతులు వీపు వెనక గట్టిగా బిగించి పెట్టుకుంది, ఎక్కడ పొరబాటున జోడించేస్తుందోనని.

లువా మూడు అగరొత్తులు అందుకుంది. పేరు చెప్పి పిలవాలి. ఇంట్లో వరసా చెప్పాలి.

"ఏడో..." అంది.

అంతే. ఏడాదిగా నోట్లోనే తిరుగుతూ, బయటికి రాకుండా ఉన్న మాట అది.

"ఏడో..." మళ్ళీ అంది.

"ఏడు తల్లీ," అంది నాలుగో అవ్వ. "ఏడు."

ఏడో వదిన ఏడ్చింది. అగరొత్తుల బూడిద పీట మీద రాలేలా, పక్కింటివాళ్ళ కుక్క కూడా మొరగడం మానేసేలా ఏడ్చింది. ఏడుస్తూనే పిలిచింది.

"మావా, తాన్ మావా, లోపలికి రా. వెనక మెట్ల మీద నుంచి కాదు, ముందు గుమ్మంలోంచి రా. అన్నానికి రా. కూర చల్లారిపోతోంది. ఆ కోటు విప్పేసి, హాయిగా కూర్చుని తిను."

అగరొత్తులు మూడూ కాలేదాకా ఇద్దరూ చాప మీద కూర్చున్నారు. చాప మీద రెండు గిన్నెలే ఉన్నాయి. ఒకప్పుడు మూడోది ఉండేచోట చాప కొంచెం తెల్లగా, గుండ్రంగా అరిగి ఉంది. లువా అక్కడ చెయ్యి పెట్టింది. తీసేసింది.

అగరొత్తులారాక లువా నీలం గిన్నె దించింది. పెద్దలు తిన్నది మిగిలినవాళ్ళు తినాలి. గుడ్డుని దారంతో రెండు చేసి, సగం అత్త గిన్నెలో వేసి, సగం తను తీసుకుంది. కూర చల్లారిపోయి, కొవ్వు పైన తెల్లగా పేరుకుంది. అయినా ఇద్దరూ వెచ్చచెయ్యలేదు. అలానే తిన్నారు.

అవ్వ ఊట నాలిక మీద వేసుకుని చాలాసేపు ఉంచింది. లువా తిట్టు కోసం చూసింది.

"ఉప్పు సరిపోయింది," అంది అవ్వ. "రంగే తగ్గింది."

"పాకానికి భయపడి ముందే పోసేశాను అత్తమ్మా. ఆయన ఉంటే ఇంకా ఇంకా అనేవాడు. వచ్చే ఏడు..."

వచ్చే ఏడు కూడా ఇదే కుండ, ఇదే పీట. ఆ మీద వచ్చే ఏడు కూడా.

అవ్వ చెయ్యి చాచి, తన గిన్నెలోని సగం గుడ్డు కూడా కోడలి గిన్నెలో వేసింది.

"వచ్చే ఏడు నేను నిలబడతాలే వెనకాల," అంది. "పొయ్యమని నేనరుస్తా."